పల్లెటూళ్లో పేద పిల్లల హోంకు ఏమిస్తే ఉపయోగం?

పుట్టినరోజుకు భోజనం పెట్టాలా, బట్టలు ఇవ్వాలా, డబ్బు ఇవ్వాలా అని అడిగారు. ఆదోని దగ్గర అలాంటి ఒక హోంలో ఆరేళ్లు ఉండి చదువుకున్నాను కాబట్టి చెప్తున్నాను. పని నేర్పే మాస్టారి జీతానికి ఇవ్వండి. మిగతావి ఎవరో ఒకరు ఇస్తూనే ఉంటారు.

ముందు ఒక మాట. అక్కడి పిల్లలను అనాథలు అనకండి. మాలో చాలామందికి అమ్మానాన్నలున్నారు. కోసిగి, కౌతాళం వైపు వానలు సరిగా పడని ఏడు దీపావళి దాటితే ఇళ్లకు తాళాలు పడతాయి. పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి పోతారు. ఉగాదికి తిరిగొస్తారు. పిల్లల్ని వెంట తీసుకుపోతే బడి పోతుంది, వదిలిపోతే చూసే దిక్కుండదు. మా నాయన నన్ను ఐదో తరగతిలో అక్కడ చేర్చింది అందుకే. అది 1969 నుంచి అనంతపురంలో నడుస్తున్న ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) లాంటి పెద్ద సంస్థ కాదు. రెండు రేకుల షెడ్లు, ఒక బోరు, నలభై మంది పిల్లలం.

నేను తొమ్మిదిలో ఉన్నప్పుడు ఒక రైతు కాలిపోయిన 3 హెచ్‌పీ మోటారు తెచ్చాడు. మూడు ఫేజుల కరెంటులో ఒకటి పోయినా అట్లే ఆడి ఆడి కాలిపోయింది. మోటార్లకు రాగి తీగ చుట్టే పని (వైండింగ్) మాకు నేర్పే సార్ దాన్ని విప్పి, ఒక కాయిల్ ఉలితో కోసి నా ముందు పెట్టి, ఎన్ని చుట్లో లెక్కపెట్టమన్నాడు. మాడిన వార్నిష్ వాసనకు కళ్లు మండుతున్నాయి. తీగలన్నీ అతుక్కుపోయాయి. యాభై ఎనిమిది అన్నాను. మళ్లీ అన్నాడు. ఈసారి యాభై తొమ్మిది వచ్చింది. "రెండిట్లో ఏదిరా? ఆయప్ప చేను ఎండుతా ఉంటే నీ అంచనాతో నీళ్లొస్తాయా?" అన్నాడు. మూడోసారి పది పది కట్టలుగా పక్కన పెట్టుకుంటూ లెక్కపెట్టాను. యాభై ఎనిమిదే. ఆ రాత్రి కాయిళ్లు చుట్టి, మోటారు లోపలి గాడుల్లో (స్లాట్లలో) పేపరు పెట్టి తీగలు దించుతుంటే సార్ పక్కనే కూర్చున్నాడు గానీ చెయ్యి పెట్టలేదు. వార్నిష్ ఆరాక మూడో రోజు కరెంటు ఇస్తే మోటారు తిరిగింది.

ఇప్పుడు నాకు సొంత షాపుంది. పదో తరగతి మార్కులు ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

రెండేళ్లకు జీతం ఇవ్వలేక ఆ సార్‌ను పంపేశారు. నా తర్వాతి పిల్లలకు వైండింగ్ లేదు. అదే ఏడు పుట్టినరోజు కేకులు నెలకు మూడు నాలుగు వచ్చేవి. ఎవరి పుట్టినరోజో తెలియకుండా చప్పట్లు కొట్టి, ఫోటోకు నిలబడి, అప్పుడు తినాలి. పన్నెండేళ్ల పిల్లాడికి అది ఎంత సిగ్గుగా ఉంటుందో దయచేసి ఆలోచించండి.

మా చెల్లెలి మాట కూడా చెప్పాలి. ఆ హోంలో మగపిల్లలనే తీసుకునేవాళ్లు. నేను కాయిళ్లు చుట్టే రోజుల్లో అది విత్తన పత్తి చేలో క్రాసింగ్ పనికి పోయేది. సాయంత్రం మొగ్గలు గిల్లి పుప్పొడి కాడలు తీసేయాలి, మరుసటి పొద్దున ఇంకో పువ్వు పుప్పొడి అద్దాలి. గోళ్ల చుట్టూ చర్మం లేచిపోయేది. వేళ్లు సన్నగా ఉంటాయనే ఆడపిల్లలను పెట్టుకునేవాళ్లు. స్లాటులో తీగ దించడానికి కూడా కావలసింది ఆ వేళ్లే. నాకన్నా అది బాగా చేసేది, నాకు అనుమానమే లేదు.

ఇచ్చే ముందు 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. సక్రమంగా నడిపేవాళ్లు కాగితం చూపించడానికి నొచ్చుకోరు. డబ్బు మాస్టారి జీతానికే అని రసీదులో రాయించుకోండి, ఒక్కసారి కాకుండా నెలనెలా ఇవ్వండి. ఆడపిల్లలకు కుట్టుమిషన్ తప్ప ఇంకేం నేర్పుతున్నారో కూడా అడగండి. వైండింగ్ నేర్పుతామంటే నాకు చెప్పండి, వైరు నేనిస్తాను.