ఉప్పునీటి తొట్టి సరే, ఆరు నెలల ఖర్చు ఏదీ?

ప్రశ్న: మాది నెల్లూరు. చెన్నైలో ఐటీ ఉద్యోగం, వేళచ్చేరిలో అద్దె ఫ్లాట్. వయసు 31. నెలకు 88,000 చేతికొస్తుంది. అద్దె, అమ్మానాన్నలకు పంపేది, బైక్ ఈఎంఐ, తిండి అన్నీ కలిపి 60,000 ఖర్చు. ఎఫ్‌డీ 1,60,000 ఉంది. ఇంట్లో 200 లీటర్ల రీఫ్ ట్యాంక్, అంటే పగడాలు, సముద్రపు చేపలు పెంచే ఉప్పునీటి తొట్టి పెట్టాలని ఎన్నాళ్ల నుంచో కోరిక. కొళత్తూరులో షాపతను 2,40,000 అవుతుందన్నాడు. లక్ష ఎఫ్‌డీలోంచి తీసి, మిగతాది క్రెడిట్ కార్డు మీద 16 శాతం వడ్డీకి 24 నెలల ఈఎంఐ పెట్టొచ్చా? ఉప్పు, మేత, కరెంటుకు నెలకు 4,500 అనుకుంటున్నా. ఈమధ్యే మా టీమ్‌లో ఇద్దరిని ప్రాజెక్టు లేకుండా బెంచ్ మీద కూర్చోబెట్టారు.

జవాబు: ఆ చివరి వాక్యం మీరు మొదట రాయాల్సింది. ట్యాంక్ వద్దనను. నెలకు 28,000 మిగుల్చుకునే మనిషికి ఒక సరదా ఉండాలి. కానీ ఆ ఎఫ్‌డీ ట్యాంకు డబ్బు కాదు, ఉద్యోగం పోతే కట్టాల్సిన అద్దె డబ్బు. కెమెరా అనీ, బైకు అనీ ఇదే ప్రశ్న నాకు పదేపదే వస్తోంది కాబట్టి కాస్త గట్టిగానే చెబుతున్నాను.

ఆరు నెలల ఖర్చు అంటే 3,60,000 పక్కన ఉండాలి. మీ దగ్గరున్నది మూడు నెలలకే చాలదు. లక్ష తీస్తే మిగిలేది 60,000, అంటే ఒక నెల. పోనీ అదైనా నిజంగా నెలకు సరిపోతుందా? ఈఎంఐ సుమారు 6,850, ట్యాంకు పోషణ 4,500 చేరి ఖర్చు 71,000 దాటుతుంది. నిధి తగ్గించుకుంటూ అవసరం పెంచుకుంటున్నారు. అందరూ చేసే తప్పు ఇదే.

మీకు తెలిసిన భాషలో చెప్తాను. కరెంటు పోతే పై ట్యాంకులోని కొంత నీరు సంప్‌లోకి, అంటే కింద ఉండే ఫిల్టరు తొట్టిలోకి దిగుతుంది. అందుకే అందులో ఖాళీ ఉంచుతారు, లేకపోతే హాలంతా ఉప్పునీళ్లే. ఆ ఖాళీని ఇంకో రాయి పెట్టడానికి వాడుకుంటారా?

కరెంటు అంటే గుర్తొచ్చింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు మీ వేళచ్చేరి ఎన్ని రోజులు చీకట్లో ఉందో మీకు తెలుసు. పంపులు ఆగితే నీటిలో ఆక్సిజన్ పడిపోతుంది. అయినా మీ లెక్కలో ఇన్వర్టర్ లేదు. ఏనుగును కొని అంకుశం దగ్గర వెనకాడినట్టుంది. చెన్నై ఎండలకు నీళ్లు 26 డిగ్రీల దగ్గర ఉండాలంటే నీటిని చల్లబరిచే చిల్లర్ నడవాలి. లైట్లు, పంపులతో కలిపి రెండు నెలలకు 300 యూనిట్ల దాకా లాగుతుంది. మీ బిల్లు 500 యూనిట్లు దాటిందంటే కింది స్లాబుల రేటు కూడా మారుతుంది. 4,500 మళ్లీ లెక్కేయండి.

ఇక ఆ కార్డు ఈఎంఐ. వడ్డీ, దాని మీద జీఎస్టీ కలిపి రెండేళ్లలో 29,000. చేప చచ్చిపోయినా ఈఎంఐ బతికే ఉంటుంది! పర్సనల్ లోన్, గోల్డ్ లోన్ అని అడగబోతారేమో, అవీ వద్దు. అమ్మానాన్నలకు కంపెనీ ఆరోగ్య బీమా ఒక్కటే ఉంటే అదీ ఉద్యోగంతోపాటే పోతుంది. ముందు అది చూడండి.

నెలకు 20,000 చొప్పున పది నెలలు అత్యవసర నిధికి వేయండి, 3,60,000 అవుతుంది. మిగిలే 8,000 ట్యాంకు పేరున ఆర్‌డీ. ఆ తర్వాత ఆరు నెలలు మొత్తం 28,000 దానికే. పదహారు నెలల్లో అప్పు లేకుండా మీ 2,40,000 చేతిలో ఉంటాయి. నీటిలోని వ్యర్థాలను శుభ్రం చేసే బ్యాక్టీరియా కుదురుకునేదాకా నెలా నెలన్నర చేపలు వేయకుండా ఖాళీ ట్యాంకును చూస్తూ కూర్చునే హాబీ కదా మీది, ఈ ఓపిక మీకు కొత్త కాదు.

షాపతని లిస్టులో రాతి పగడాలుంటే కొట్టేయండి. అవి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, జైలు శిక్ష దాకా వెళ్తుంది. ఈలోపు ఇంటి ఓనరునూ అడగండి. నీళ్లు, రాళ్లు, స్టాండు కలిపి 250 కిలోలు దాటుతుంది.