పైథాన్‌లో తెలుగు స్ట్రింగ్‌ని కోస్తే ఒత్తులు, గుణింతాలు ఎందుకు ఊడిపోతున్నాయి?

‘శ్రీకాకుళం’లో మొదటి రెండు అక్షరాల కోసం ఊరు[:2] అని రాస్తే ‘శ్రీకా’ బదులు ‘శ్’ వస్తోందని అడిగారు. స్లైస్ (ఇలా [ ]లో అంకె పెట్టి ముక్క తీయడం) సరిగానే పనిచేసింది. పైథాన్ 3 స్ట్రింగ్‌ని కోడ్‌పాయింట్లలో, అంటే యూనికోడ్ ఒక్కో హల్లుకీ, గుణింతపు గుర్తుకీ విడిగా ఇచ్చిన నంబర్లలో లెక్కపెడుతుంది. ఈ మాటలో శ, పొల్లు, ర, గుడి దీర్ఘం, క, దీర్ఘం, క, కొమ్ము, ళ, సున్న కలిపి 10 ఉన్నాయి. మనం చదివేవి 4 అక్షరాలే. మొదటి రెండు అడిగారు కాబట్టి శ, పొల్లు ఇచ్చింది.

కామా లాంటి గుర్తు చూసి కోస్తున్నారా, అక్షరాలు లెక్కపెట్టి కోస్తున్నారా అన్నది ముందు తేల్చుకోండి. కామా, హైఫన్, ఖాళీ దగ్గర విడగొడితే ఏ ప్రమాదమూ లేదు, అవి అక్షరం మధ్యలో పడవు. అక్కడ గుర్తు ఎన్నో స్థానంలో ఉందో చెప్పే ఫైండ్ వద్దు, గుర్తు దగ్గర విడగొట్టే పార్టిషన్ వాడండి. గుర్తు దొరక్కపోతే ఫైండ్ -1 ఇస్తుంది. దాన్ని అలాగే స్లైస్‌లో పెడితే ఊరు[:-1] అయిపోతుంది. ఎర్రర్ రాదు, ‘పలాస’ కాస్తా ‘పలా’ అయి డేటాబేస్‌లోకి వెళ్లిపోతుంది. ఇలాంటివి నెలల తర్వాత గానీ బయటపడవు. పార్టిషన్ ఎప్పుడూ మూడు ముక్కలిస్తుంది, మధ్యది ఖాళీ అయితే గుర్తు లేనట్టే.

లెక్కపెట్టి కోయాలంటే ముందు అక్షరాల లిస్టు కావాలి. పైథాన్‌తో వచ్చే రీ మాడ్యూల్‌ (re)లో దానికి సిద్ధంగా ఉన్న ప్యాటర్న్ లేదు. పైథాన్ ప్యాకేజీలు వేసే పిప్‌తో రీజెక్స్ (regex) ప్యాకేజీ వేసుకుని, బ్యాక్‌స్లాష్ పక్కన పెద్ద ఎక్స్ పెట్టిన ప్యాటర్న్‌ని (\X) అందులోని ఫైండాల్‌కి ఇవ్వండి, ముక్కల లిస్టు వస్తుంది. అయితే 2023లో వచ్చిన యూనికోడ్ 15.1కి ముందు నియమాల ప్రకారం ‘శ్రీ’ కూడా ‘శ్’, ‘రీ’ అని రెండుగా చీలుతుంది. అందుకే వెర్షన్‌ని నమ్ముకోకుండా, పొల్లుతో ముగిసిన ముక్క తర్వాత హల్లుతో మొదలయ్యే ముక్క వస్తే రెండూ కలిపేయండి. ఆ లిస్టులో [:2] తీసి జాయిన్ చేస్తే ‘శ్రీకా’ వస్తుంది.

కలపడానికి ముందు జీరో విడ్త్ నాన్ జాయినర్‌ని (పక్క హల్లు ఒత్తుగా మారకుండా ఆపే కోడ్‌పాయింట్‌ని) తీసేయకండి. ‘సాఫ్ట్‌వేర్’లో ‘ట్’ తర్వాత కంటికి కనిపించకుండా ఉండేది అదే. తీసేస్తే ‘వే’ వెళ్లి ఒత్తుగా అతుక్కుంటుంది. ఐత్వాన్ని కొన్ని ఫైళ్లలో ఒక కోడ్‌పాయింట్‌గా, కొన్నిట్లో రెండుగా దాస్తారు కాబట్టి, పోల్చే పని ఉంటే రెండు వైపులా ఎన్ఎఫ్‌సీకి (అలాంటి రెండిటినీ ఒకటిగా కలిపే యూనికోడ్ రూపానికి) నార్మలైజ్ చేయండి.

బైట్లను మాత్రం నేరుగా కోయొద్దు. కోడ్‌పాయింట్లను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు కోడ్‌పాయింట్‌కి 3 బైట్లు, అంటే ‘శ్రీకాకుళం’ 30 బైట్లు. 10 బైట్ల దగ్గర కోస్తే నాలుగో కోడ్‌పాయింట్ మధ్యలో తెగి, డీకోడ్ చేసేటప్పుడు (బైట్లను తిరిగి స్ట్రింగ్‌గా మార్చేటప్పుడు) ఎర్రర్ వస్తుంది.