గైర్హాజరు జాబితా

అమ్మాయీ,

నీ కథ, దానితో పాటు పంపిన ఉత్తరం అందాయి. ‘నువ్వు’ అనే పిలవమన్నావు కాబట్టి అలాగే రాస్తున్నాను. కథ మొదటి రెండు పేజీలు చదివి పక్కన పెట్టేశాను. మర్నాడు, జవాబైనా రాయాలి కదా అని మళ్ళీ తీస్తే మూడో పేజీలో ఈ వాక్యం కనిపించింది: “గౌను డబ్బులు కట్టలేకపోయిన మా బెంచీ అమ్మాయి వరండాలో నిలబడి చూస్తూ ఉంది.” ఆ వెంటనే స్నాతకోత్సవ గౌన్లలో ఉన్న మీరంతా టోపీలు గాలిలోకి ఎగరేశారు. ఆ అమ్మాయి మళ్ళీ కథలోకి రాలేదు.

నాకు కోపం వచ్చింది. ఇంత పొడుగు ఉత్తరం రాయడానికి కారణం ఆ కోపమే. పదో తరగతి వీడ్కోలు సభ మీద కథ రాయాలని కూర్చున్నావు. ఆ కథే వచ్చి వరండాలో నిలబడితే, చూసి కూడా దాటిపోయావు.

మొదటి రెండు పేజీలు తీసెయ్యి. స్లామ్ బుక్కు, సిరా చల్లుకున్న చొక్కాలు, గేటు ముందు ఉప్పూకారం అద్దిన జామకాయ ముక్కలు, చివరి పరీక్ష నాటి కన్నీళ్ళు. ఇవి ఆదివారం అనుబంధాల్లో ఏళ్ళ తరబడి అందరూ రాస్తున్నవే. “ఆ రోజులు మళ్ళీ రావు” అని పదే పదే రాశావు. ఏ రోజులూ మళ్ళీ రావు. ఆ మాటలో నీ బడి లేదు, నీ ఊరు లేదు, నువ్వూ లేవు.

ఒక వేడుక గురించి రాసేవాళ్ళకు రెండు సంగతులు తెలిసి తీరాలి. దాని ఖర్చు ఎవరు పెట్టుకున్నారు? దానికి ఎవరు రాలేదు? ఇవి తెలుసుకోకుండా రాసిన బడి జ్ఞాపకం ఎంత అందంగా ఉన్నా ఆ బడి యాజమాన్యం వేయించుకున్న కరపత్రంలాగే ఉంటుంది. నేను రాయడం మొదలుపెట్టిన నాటి నుంచి ఈ మాటే అంటున్నాను. ఇది విని నొచ్చుకున్నవాళ్ళున్నారు, నాతో మాట్లాడటం మానేసినవాళ్ళూ ఉన్నారు. అయినా నీకూ ఇదే చెబుతాను.

గౌను అద్దె ఎంత? కథలో లేదు. ఫోటోకు వేరే కట్టాలా? భోజనానికి? మీ ఆడపిల్లలంతా ఆ ఉదయం పట్టుచీరలు కట్టుకుని వచ్చారని రాశావు. ఆ చీరలు ఎవరివి? పదిహేనేళ్ళ పిల్లకు సొంత పట్టుచీర ఉండదు. అమ్మదో, పిన్నిదో, పక్కింటి కొత్త కోడలిదో అయి ఉండాలి. ఎవరి బీరువాలోంచి ఏ చీర వచ్చిందో రాస్తే ఒక వీధి వీధంతా నీ కథలోకి నడిచి వచ్చేది.

ఆ టోపీల సంగతి కూడా తెలుసుకోవలసింది. గౌను, టోపీ యూరప్ విశ్వవిద్యాలయాల్లో పుట్టి, మన దగ్గర స్నాతకోత్సవాలకు వచ్చాయి. డిగ్రీ పట్టా అందుకునేవాళ్ళు వేసుకునేవారు. ఇప్పుడవి పదో తరగతికి, యూకేజీకి కూడా దిగాయి. టోపీ ఎగరేయడం అమెరికాలో అనాపొలిస్ నౌకాదళ అకాడమీలో 1912లో మొదలైందని చెబుతారు. చదువు ముగిసిన రోజునే వాళ్ళకు ఆఫీసరు టోపీలు చేతికొచ్చాయి. పాత టోపీతో ఇక పని లేదు, ఎగరేశారు. మీరు ఎగరేసినవి అద్దె టోపీలు. సాయంత్రానికి లెక్కపెట్టి తిరిగి అప్పగించాల్సినవి. మరి నేల మీద పడ్డవాటిని ఎవరు ఏరారు? ఆయా ఏరి ఉంటుంది. ఆమెను అడుగు. ఒకటి తక్కువైతే ఎవరి జీతంలో కోస్తారో కూడా అడుగు.

నేను పాతకాలపు మనిషిని కాబట్టి కొత్త ఆచారాలు నచ్చడం లేదని అనుకోకు. బడి ముగింపు ఎప్పుడూ ఒకేలా లేదు. మా నాన్నగారి తరానికి కోస్తాలో సిక్స్త్ ఫారంతో, అంటే పదకొండో తరగతితో హైస్కూలు ముగిసేది. చేతికి ఎస్సెస్సెల్సీ పుస్తకం, అంటే బడి చదువు ముగిసినట్టు ధ్రువపత్రం, వచ్చేది. పుట్టినతేదీ, పుట్టుమచ్చలు, మార్కులు అన్నీ అందులోనే. ఆ పుస్తకం పోగొట్టుకున్నవాడికి ఉద్యోగం చేజారినట్టే. నాన్నగారు దాన్ని గుడ్డలో చుట్టి ట్రంకుపెట్టె అడుగున దాచేవారు. 1969లో రెండేళ్ళ ఇంటర్మీడియట్ వచ్చాక మా తరానికి పదితోనే బడి ముగిసింది. మాకు వీడ్కోలు ఇచ్చేది తొమ్మిదో తరగతి పిల్లలు. తలా కొంత చందా వేసుకుని ఒక లడ్డు, గుప్పెడు కారప్పూస, అరటిపండు పొట్లం కట్టి ఇచ్చేవారు. మామిడాకుల తోరణం, అద్దె మైకు, హెడ్మాస్టరు గారి ఉపన్యాసం. బల్ల మీద సరస్వతీదేవి పటం పెట్టి, దాని ముందు మా హాల్ టికెట్లు, కలాలు వరుసగా పేర్చి పూజ చేసేవారు. రంగు కాగితాల ఆటోగ్రాఫ్ పుస్తకం కొనుక్కోగలిగినవాళ్ళు కొనుక్కున్నారు, లేనివాళ్ళు రూళ్ళ నోటుపుస్తకాన్ని సగానికి కోసి కుట్టుకున్నారు. ఎవరిది ఏ పుస్తకమో నాకు ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే రాయడానికి ముందు అందరం ఒకరి పుస్తకం ఒకరం తాకి చూసుకున్నాం.

ఆ తర్వాత గ్రూపు ఫోటో. ఫోటోగ్రాఫరు ముక్కాలి పీట మీద కెమెరా పెట్టి, నల్లగుడ్డలో తల దూర్చి చాలాసేపు సర్దాడు. కుర్చీల్లో పంతుళ్ళు, మధ్యలో హెడ్మాస్టరు గారు, వెనక బెంచీల మీద మగపిల్లలు, నేల మీద మేము. నెల తర్వాత అట్టకు అంటించి ఇచ్చారు. కింద వరుసల వారీగా అందరి పేర్లు అచ్చు వేశారు. అన్నిటికన్నా అడుగున, సన్న అక్షరాల్లో “గైర్హాజరు” అని ఒక పంక్తి, దాని పక్కన రెండు పేర్లు.

అందులో ఒకటి నా పక్క సీటు పిల్లది. మాఘమాసంలో ముహూర్తం కుదిరింది, పెళ్ళి చేసేశారు. అప్పటికి చట్టంలో ఆడపిల్ల పెళ్ళి వయసు 15 ఏళ్ళే. 18కి పెంచింది 1978లో. అంటే ఎవరూ చట్టం మీరలేదు, ఎవరూ ఆపవలసిన పనీ లేదు. హాల్ టికెట్ వచ్చింది, దాన్ని తీసుకోవడానికి ఎవరూ రాలేదు. మా ఊళ్ళో పై చదువుకు కాలేజీ లేదు కాబట్టి మిగిలిన ఆడపిల్లల్లోనూ చాలామందికి ఆ సభ నిజంగానే చదువుకు వీడ్కోలు. మగపిల్లలకు అది సరదా సాయంత్రం, మాకు కాదు. అదే మైకు, అదే లడ్డు.

చాలా ఏళ్ళకు ఆమెను వెతుక్కుంటూ వెళ్ళాను. అత్తవారి ఊరు చేరడానికి రెండు బస్సులు మారాలి. పిల్లలు, మనుమలు, పాడి గేదెలు, నిండైన ఇల్లు. అన్నం పెట్టింది. వీడ్కోలు సభ నాడు తాను పుట్టింట్లోనే ఉందట. ఒడిబియ్యానికి తీసుకొచ్చారు, మర్నాడే తిరిగి ప్రయాణం. మైకు ఆ ఇంటిదాకా వినిపించింది. పద్యాల పోటీలో ఆమెకు మొదటి బహుమతి అని ప్రకటించారు. పేరు పిలిచారు. ఆమె తరఫున ఇంకెవరో వెళ్ళి తీసుకున్నారు. ఇంతా చెప్పి నన్ను అడిగింది: “నా స్టీలు గ్లాసు ఎవరు తీసుకున్నారే?”

నేను చెప్పలేకపోయాను. నాకు తెలియదు.

ఎంత ఊహించినా నేను ఆ గ్లాసు దగ్గరికి చేరేదాన్ని కాదు. అందుకే నీకు ఊహించవద్దని చెబుతున్నాను. వెళ్ళి అడుగు. నీ బెంచీ అమ్మాయి వరండాలో ఎంతసేపు నిలబడింది, ఎవరైనా లోపలికి రమ్మన్నారా, ఇంటికి వెళ్ళాక ఏమని చెప్పింది, అసలు ఆ రోజు బడికి ఎందుకు వచ్చింది. ఈ చివరి ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యమైంది. డబ్బు కట్టలేదని తెలిసీ వచ్చింది. చూడటానికి వచ్చిందా, హాల్ టికెట్ తీసుకోవడానికా? లేక ఎవరైనా సర్దుబాటు చేస్తారేమోననా? నిన్ను చూసి వచ్చిందేమో కూడా. అడిగితే బాధపడుతుందని వెనుకాడతావు. నా అనుభవంలో మనుషులు అడగనందుకే ఎక్కువ బాధపడ్డారు.

ఆ గ్లాసు కథను నేను ఒక పేరున్న వారపత్రికకు పంపాను. వేసుకున్నారు. వేసే ముందు సంపాదకుడు గ్లాసు తీసేశారు. “ఇన్నేళ్ళు ఒక గ్లాసు గురించి ఎవరైనా తలచుకుంటారా, నమ్మేలా లేదు” అని కార్డు రాశారు. దాని బదులు ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగినట్టు మార్చి, కోయిల, వసంతం కలిపి ఏదో శీర్షిక పెట్టారు. చదివినవాళ్ళు బాగుందన్నారు. ఆ పత్రిక ఇప్పుడు లేదు, ఆయనా లేరు, నా కోపం మాత్రం ఉంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరగలేదు. పప్పు వడ్డిస్తూ మామూలుగా అడిగింది. తెలుగు కథలో ఆడవాళ్ళు ఏడిస్తే తప్ప బాధ పడినట్టు కాదనుకునే సంపాదకులు ఆ ఒక్క పత్రికలోనే లేరు. నీకూ తగులుతారు. గ్లాసు తీసేస్తామంటే కథ వెనక్కి తెచ్చుకో.

పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనాల్లోనూ ఇదే వరస. ఫ్లెక్సీలు, ఒకే రంగు చొక్కాలు, వయసు మీరిన మాస్టార్లకు శాలువాలు, మళ్ళీ గంట కొట్టి ప్రార్థన. మాస్టారు హాజరు పిలవడం కూడా ఉంటుంది, అది నాకు చాలా ఇష్టం. మా బ్యాచ్‌వాళ్ళు ప్రత్యేక సంచిక వేస్తూ నన్ను వ్యాసం అడిగారు. పరీక్ష తప్పినవాళ్ళ గురించి రాశాను. ఫలితాలు అప్పట్లో దినపత్రికలో హాల్ టికెట్ నంబర్లుగా వచ్చేవి. పాసైనవాళ్ళ నంబర్లే వేసేవారు, తప్పినవాడి నంబరు ఎక్కడా అచ్చుకాదు. ఉన్న నంబర్ల మధ్య తన నంబరు లేని చోటును వేలితో వెతుక్కోవాలి. బస్టాండులో ఒకే పత్రిక చుట్టూ పదిమంది మూగితే, ఆ వేలు ఎక్కడ ఆగిందో అందరికీ కనిపించేది. అలా ఆగిన మా తరగతి పిల్లలు ముగ్గురు సమ్మేళనానికి రాలేదు, వాళ్ళను ఎవరూ పిలవలేదు. వ్యాసం చదివి నిర్వాహకులు “శుభమా అని కలుసుకుంటుంటే ఇవన్నీ ఇప్పుడెందుకు?” అన్నారు. సంచికలో నా పేజీ లేదు. పిలవనివాళ్ళ పేర్లు నా దగ్గర ఉన్నాయి, రాస్తూనే ఉంటాను.

నంబర్ల కాలం పోయి 2012లో గ్రేడ్లు వచ్చాయి. పది పాయింట్లు తెచ్చుకున్న పిల్లల ముఖాలు కూడళ్ళలో హోర్డింగులెక్కాయి. 2020లోనూ 2021లోనూ రెండు రాష్ట్రాల్లో పరీక్షలే రద్దు చేసి అందరూ ఉత్తీర్ణులన్నారు. తెలంగాణలో 2020 మార్చిలో మొదటి కొన్ని పరీక్షలు రాశాక ఆగిపోయాయి. సగం రాసిన ఆ పిల్లల చేతిలో అట్ట, హాల్ టికెట్ ఉండిపోయాయి. వాళ్ళకు చివరి పరీక్ష లేదు, సిరా చల్లుకున్న సాయంత్రం లేదు. “అదృష్టవంతులు, రాయకుండానే పాసయ్యారు” అని చుట్టాలు అంటుంటే వాళ్ళు ఏమని బదులు చెప్పారో చదవాలని నాకు చాలా కోరికగా ఉంది. నాకు కనిపించినంతలో ఎవరూ రాయలేదు. నీ తమ్ముడు ఆ బ్యాచ్ అని ఉత్తరంలో ఒక మాట అన్నావు. ఇంట్లోనే ఉన్నాడు, కూర్చోబెట్టి అడుగు. ఈ కథ పూర్తయ్యాక నీ రెండో కథ అది కావచ్చు.

నీ వాక్యం శుభ్రంగా ఉంది. సంభాషణలు బాగా రాస్తావు.

పోటీల గురించి అడిగావు. దీపావళి పోటీకి, ఉగాది పోటీకి ఇన్ని మాటల్లోనే రాయాలి, చివర మెరుపు ఉండాలి అంటారు. ఆ మెరుపు కోసమే నువ్వు చివరి పేజీలో పదేళ్ళ తర్వాత ఆ టోపీ దొరికినట్టు రాశావు. టోపీ అద్దెది కదా, నీ ఇంట్లో ఎలా ఉంది? చిన్న పొరపాటు అంటావేమో. అద్దెకు తెచ్చిందన్న సంగతి నీ మనసులో నిలవలేదు, అందుకే వరండాలో ఉన్న పిల్ల కూడా నిలవలేదు. రెండూ ఒకటే.

కలం పేరు పెట్టుకోవాలా, పుస్తకం సొంతంగా వేసుకోవచ్చా అనే ప్రశ్నలకు ఇప్పుడు జవాబు రాయను.

ఈసారి కథను వరండాలోంచి మొదలుపెట్టు. ఆ అమ్మాయికి ఎదురుగా ఏం కనిపిస్తుంది, మైకులో ఏం వినిపిస్తుంది, ఎండ ఎటు నుంచి పడుతుంది, నువ్వు ఆమెకు ఎలా కనిపిస్తావు. గౌను వేసుకున్న నిన్ను ఆమె కళ్ళతో రాయడం కష్టం, తప్పించుకోకు. రాశాక ముందు ఆమెకు చదివి వినిపించు. వద్దంటే నాకు పంపకు, ఇంకెక్కడికీ పంపకు. సరేనంటే పేరు, ఊరు మార్చి పంపు. పేజీకి ఒకవైపే రాయి, మార్జిన్ ఎక్కువ వదులు, నా అక్షరాలు పెద్దవి. సంక్రాంతికి మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాను, కాబట్టి ఆ లోపల అందేలా చూడు. అద్దె ఎంతో మాత్రం కనుక్కునే రాయి.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ వయసు మనిషి