గేమ్ థియరీ తీసుకోవాలా, వద్దా?

ప్రశ్న: డిగ్రీ ఎకనామిక్స్ రెండో ఏడాది చదువుతున్నాను. వచ్చే సెమిస్టర్‌లో గేమ్ థియరీ తీసుకోవాలనుంది. ఒక సీనియర్ ‘లెక్కలు రాకపోతే మునిగిపోతావు’ అంటోంది, ఇంకొకరు ‘ఖైదీల కథ ఒక్కటి అర్థమైతే చాలు, మిగతాదంతా అదే’ అంటున్నారు. నాకు లెక్కలంటే కాస్త భయమే. ఎవరి మాట వినను?

జవాబు: ఇద్దరి మాటా వినకండి. ముఖ్యంగా ఆ రెండోది. ఖైదీల కథలో (ప్రిజనర్స్ డైలమా) ఇద్దరు నిందితుల్ని విడివిడిగా ప్రశ్నిస్తారు. అందులో అవతలివాడు నేరం ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా నేను ఒప్పుకోవడమే నాకు లాభం, అంటే అవతలివాడి గురించి ఆలోచించాల్సిన పనే లేదు. అసలు ఈ సబ్జెక్టు ఉన్నదే అవతలివాడి గురించి ఆలోచించడానికి! అందుకే అది అర్థమైందని ధైర్యంగా వెళ్లినవాళ్లు రెండో నెలలో తెల్లమొహం వేస్తారు.

వాళ్లు ఎక్కడ చిక్కుకుంటారో చెప్తాను. బొమ్మా బొరుసూ ఆట అనుకోండి. మీరూ నేనూ ఒకేసారి నాణెం చూపిస్తాం. రెండూ బొమ్మలైతే మీకు 3 పాయింట్లు, రెండూ బొరుసులైతే మీకు 1, వేరువేరుగా పడితే మీకు సున్నా, నాకు 1. కలిసినప్పుడు నాకేమీ రాదు. బొమ్మకి మూడు రెట్లు వస్తుంది కాబట్టి మీరు బొమ్మే ఎక్కువసార్లు చూపిస్తారని ఎవరైనా అంటారు. కానీ నాష్ సమతౌల్యంలో, అంటే ఎవరూ తానొక్కరే ఆట మార్చుకుని లాభపడలేని స్థితిలో, మీరు బొమ్మ చూపించేది సరిగ్గా సగంసార్లే! మారేది నేను, బొమ్మని నాలుగింట ఒక వంతుకి తగ్గించేస్తాను. ఎందుకంటే మీరు ఏ పాళ్లలో ఆడాలో తేల్చేవి నా పాయింట్లు, నేను ఏ పాళ్లలో ఆడాలో తేల్చేవి మీవి. ఇది ఒక్కసారి చదివితే ఎక్కదు, కాగితం మీద మీరే వేసి చూడాలి. ఇందులో ఉన్న లెక్కల్లా 3q = 1 − q, అంతే (q అంటే నేను బొమ్మ చూపించే వంతు; ఎడమవైపుది మీకు బొమ్మతో వచ్చేది, కుడివైపుది బొరుసుతో వచ్చేది). కష్టం లెక్కలో లేదు, ఎవరి వైపు నుంచి లెక్క వేయాలన్నదాంట్లో ఉంది.

ఎకనామిక్స్‌లో దీనికేం పని అంటారా, ఫ్రెంచ్ గణితవేత్త కూర్నో 1838లోనే మినరల్ వాటర్ అమ్మే ఇద్దరిని పెట్టి ఇలాంటి సమతౌల్యాన్ని లెక్కకట్టేశాడు, అమెరికన్ గణితవేత్త జాన్ నాష్ దాన్ని అన్ని ఆటలకూ వర్తించేలా చెప్పింది 1950లో. ధర = 120 − మొత్తం సరుకు, ఖర్చు సున్నా అనుకుంటే ఇద్దరూ చెరో 40 అమ్ముతారు, ఒక్కొక్కరికి లాభం 1600. కూడబలుక్కుని చెరో 30 అమ్మితే 1800 వస్తుంది, అయినా ఆ మాట నిలబడదు, ఎందుకంటే ఒకడు 30 దగ్గరే ఉంటే రెండోవాడు చాటుగా 45 అమ్మి 2025 పట్టుకుపోతాడు. ఒక డిఫరెన్షియేషన్, రెండు సమీకరణాలు, మీ మైక్రో పేపర్లో ఇంతకంటే ఎక్కువే చేసి ఉంటారు.

పరీక్షలో మార్కులు పోయే చోటు మాత్రం వేరే ఉంది. ఒకరి తర్వాత ఒకరు ఎత్తు వేసే ఆటల్లో, అంటే చెట్టు బొమ్మ గీసి చివరి నుంచి వెనక్కి వచ్చేవాటిలో, సమతౌల్యం రాయమంటే చాలామంది ఆట నిజంగా సాగిన దారి ఒక్కటే రాసి వదిలేస్తారు. వ్యూహం అంటే ఆట చేరని మలుపుల్లో కూడా ఏం చేస్తామో చెప్పడం. ‘నువ్వు మార్కెట్లోకి వస్తే ధర తగ్గిస్తాను’ అన్న బెదిరింపు ఉత్తదా నిజమా అని తేలేది అక్కడే మరి. జర్మన్ ఆర్థికవేత్త జెల్టెన్ 1965లో పట్టుకున్నది ఈ సంగతే, 1994లో నాష్, హర్సాన్యీలతో పాటు ఆయనకీ నోబెల్ వచ్చింది.

హర్సాన్యీ భాగం, అంటే అవతలివాడు ఎలాంటివాడో తెలియని ఆటలు, మీ సిలబస్‌లో ఉందో లేదో ముందు చూసుకోండి. ఉంటే సెలవుల్లో కండిషనల్ ప్రాబబిలిటీ, బేయస్ సూత్రం (కొత్త సమాచారం వచ్చాక అంచనాను మార్చుకునే లెక్క) ఒక వారం కూర్చుని చేసుకుని వెళ్లండి. లేకపోతే ఆ టెన్షన్ కూడా అక్కర్లేదు, ధైర్యంగా తీసుకోండి.