మామూలు ఎక్స్‌రేలో పిత్తాశయపు రాళ్లు కనబడకపోతే మందు మింగించి తీయించవచ్చా?

మీ అమ్మగారికి అల్ట్రాసౌండ్ స్కానింగులో పిత్తాశయంలో రాళ్లున్నాయన్నారనీ, ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదనీ, వెనకటి రోజుల్లోలా మాత్రలు మింగించి ఎక్స్‌రే తీయించవచ్చా అనీ అడిగారు. 1980లలో విజయనగరంలో ఎక్స్‌రే గదిలో పనిచేస్తూ అలాంటి ఫిల్ములు చాలా తీశాను కనుక చెబుతున్నాను.

ఈ రాళ్లలో సున్నం బాగా పట్టినవే మామూలు ఎక్స్‌రేలో పడతాయి. అవి నూటికి 10, 15 మాత్రమే. మందు కూడా రాయికి పట్టదు. చుట్టూ ఉన్న పిత్తరసం తెల్లబడితే అందులో రాయి నల్లటి మచ్చగా బయటపడుతుంది. 1924లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో గ్రాహం, కోల్ అనే వైద్యులు నరంలోకి మందు ఎక్కించి పిత్తాశయాన్ని ఇలా చూపారు. మా నాటికి అయోడిన్ ఉన్న అయోపనోయిక్ ఆసిడ్ మాత్రలు వచ్చాయి.

ముందు రాత్రి నూనె, నెయ్యి తగలని అన్నం, పోపు పెట్టని చారు తిన్నాక, ఆరు మాత్రలు, అంటే 3 గ్రాములు, ఒక్కొక్కటిగా మింగమనేవాళ్లం. పేగులు పీల్చుకున్న మందును కాలేయం పిత్తరసంలో కలిపి వదిలితే, పిత్తాశయం అందులోని నీటిని లాగేసి చిక్కబరచేది. అందుకే ఫిల్ము మర్నాడు ఉదయం తీసేవాళ్లం.

సిరిమానోత్సవం మర్నాడు వచ్చిన ఒక పెద్దాయన ఫిల్ములో పిత్తాశయం జాడే లేదు. పిత్తాశయంలోకి పిత్తరసం వెళ్లే నాళం మూసుకుపోయిందేమో అనుకుంటూనే, మాత్రలు వేసుకున్నాక ఏమైనా తిన్నారా అని అడిగాను. "పండగకు చుట్టాలొచ్చారు బాబూ, వేటమాంసం ముట్టకుండా ఎలాగ?" అన్నాడు. కొవ్వు కడుపులో పడగానే పిత్తాశయం ముడుచుకుని మందును పేగులోకి వదిలేస్తుంది. మళ్లీ మాత్రలిచ్చి, మర్నాడు నిలబెట్టి తీస్తే, మందు కలిసి బరువెక్కిన పిత్తరసంలో చిన్న రాళ్లు ఒకే వరుసలో పూసల్లా తేలుతూ కనిపించాయి.

ఇప్పుడు ఆ పరీక్ష దాదాపు కనుమరుగైంది, దాని కోసం తిరగవద్దు. కామెర్లుంటే అది పనిచేసేదే కాదు. పిత్తాశయపు రాళ్లకు మీ చేతిలో ఉన్న స్కానింగే మెరుగైన సాక్ష్యం. ఆ రిపోర్టుతోనే సర్జనుగారిని కలవండి. రాయి పిత్తనాళంలోకి జారిందని అనుమానం వస్తే ఎమ్మార్సీపీ, అంటే ఎమ్మారై యంత్రంతో పిత్తనాళాలను చూసే పరీక్ష, రాస్తారు, దానికి మందు ఎక్కించనవసరం లేదు. మందు పెట్టి ఎక్స్‌రేలో చూసే పద్ధతి నేడు ఎక్కువగా ఈఆర్సీపీలో, అంటే నోటి గుండా గొట్టం పంపి పిత్తనాళంలోకి మందు ఎక్కించే పరీక్షలో, మిగిలింది, అందులోనే రాయిని తీసేయవచ్చు కూడా.

స్కానింగు మళ్లీ రాస్తే మాత్రం అమ్మగారిని ఆరేడు గంటలు ఏమీ తినకుండా తీసుకెళ్లండి. పాలు పోసిన టీ కూడా వద్దు. పిత్తాశయం ముడుచుకుంటే స్కానింగులోనూ రాళ్లు సరిగా చిక్కవు.