హాల్లో 90, పడగ్గదిలో 4 వస్తుంటే తప్పు లైన్‌ది కాదు

అన్నా, 100 ఎంబీపీఎస్ ప్లాన్‌లో రౌటర్ పక్కన నిలబడితే 90 వస్తోంది, వెనక పడగ్గదిలో 4 దాటట్లేదు అంటున్నారు కదా, అంటే నెట్ ఇంటిదాకా బాగానే వస్తోంది, గదిదాకా వైఫై పోవట్లేదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి గంటసేపు ఆ పాట వినే పని పెట్టుకోకండి.

నెల్లూరులో మా ఇంట్లోనూ ఇదే గోల. కేబుల్ లాగిన అబ్బాయి తనకి సులువని రౌటర్‌ని టీవీ వెనక, ఇనప బీరువాకి ఆనించి పెట్టిపోయాడు. దుమ్ము పడుతుందని మా అమ్మ దానిమీద గుడ్డ కూడా కప్పింది (గుడ్డతో సిగ్నల్‌కేం కాదుగానీ రౌటర్ వేడెక్కుతుంది). ఇనుము సిగ్నల్‌ని గట్టిగా అడ్డుకుంటుంది. నడవలో మనిషి ఎత్తున మేకు కొట్టి తగిలించాక పడగ్గదిలో 35 వచ్చింది. కావలిలో మీది పాతకాలం ఇల్లన్నారు, గోడలు మందం, రౌటర్ చోటు మార్చడం మీకు ఇంకా అవసరం.

తర్వాత రౌటర్ సెట్టింగుల్లో 2.4, 5 గిగాహెర్ట్జ్‌లకి (రౌటర్ వదిలే రెండు రకాల వైఫై సిగ్నళ్లు) వేర్వేరు పేర్లు పెట్టండి, ఏ గదిలో ఏది పట్టుకోవాలో మీరే ఎంచుకోవచ్చు. 5 వేగంగా ఉంటుంది, రెండు గోడలు దాటేసరికి నీరసిస్తుంది. 2.4 దూరం పోతుంది కానీ పక్కిళ్ల రౌటర్లు, బ్లూటూత్, మైక్రోవేవ్ అన్నీ అందులోనే తోసుకుంటాయి, అందుకని 1, 6, 11 ఛానెళ్లలో (ఆ సిగ్నల్ నడిచే దారులు) ఏది ఖాళీగా ఉంటే అది పెట్టండి.

రిపీటర్ (వైఫైని అందుకుని మళ్లీ ముందుకు పంపే పెట్టె) జోలికి ఇప్పుడే పోవద్దు, మామూలు రకాల్లో వేగం సగానికి పడిపోతుంది. తప్పదంటే మొదటి రౌటర్ నుంచి లాన్ వైరు లాగి గదిలో ఇంకో రౌటర్‌ని యాక్సెస్ పాయింట్‌గా (వైరులో వచ్చిన నెట్‌ని ఆ గదిలో వైఫైగా పంచేది) పెట్టుకోవడమే మేలు.

ముందు మేకు పని కానిచ్చి, ఎంతొచ్చిందో చెప్పండి.