చిన్నీకి, రంగులన్నీ ఖర్చు పెట్టే ముందు

చిన్నీ,

నువ్వు ఉద్యోగం మానేసి పది నిమిషాల యానిమేషన్ సినిమా తీస్తున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. రాత్రంతా నిద్ర పట్టలేదు. పొద్దున పాలబ్బాయికి కూడా 'మా పిల్ల సినిమా తీస్తోంది' అని చెప్పాను.

తెలిసిన సంగతులు ఎక్కువ రాయను. ముందు కలర్ స్క్రిప్ట్ వేసుకో. కథ మొత్తం చిన్న చిన్న బొమ్మలుగా ఒకే వరసలో కనబడాలి. 1995లో వచ్చిన 'టాయ్ స్టోరీ'కి ఆర్ట్ డైరెక్టర్ రాల్ఫ్ ఎగిల్‌స్టన్ పాస్టెల్ రంగులతో అలాగే వేసుకున్నాడు. ప్రతి ఫ్రేమునూ ఒకసారి నలుపు తెలుపులో చూడు, నీ కథలో పిల్ల మొహం వెనక గోడలో కలిసిపోతే రంగులు కాపాడలేవు. రాత్రిపూట లైటు తీసేసి స్క్రీన్ ముందు కూర్చోకు. కళ్లు అలిసిపోతాయమ్మా.

నువ్వు పంపిన జాలారిపేట బొమ్మలు చూశాక అసలు టెన్షన్ మొదలైంది. గులాబీ గోడలు, నీలం పడవలు, పచ్చటి వలలు, చిలకాకుపచ్చ తలుపులు. అక్కడ నిజంగా అలాగే ఉంటాయి, కాదనను. కానీ నాలుగో నిమిషంలో ఆ పిల్ల సముద్రం అడుక్కి దిగుతుంది కదా. అప్పటికి నీ దగ్గర ఏం మిగులుతుంది?

నేను హైదరాబాద్ స్టూడియోలో బ్యాక్‌గ్రౌండ్లు వేసే రోజుల్లో ఇదే చేశాను. కథలో ముందు పల్లెటూరు, తర్వాత నీళ్ల కింద రాజ్యం. పల్లెటూరంటే నాకు ప్రాణం. ఆవపూల పసుపు, పెంకుల ఎరుపు, వరి మడి పచ్చ అన్నీ అక్కడే పోసేశాను. అందరూ మెచ్చుకున్నారు. రాజ్యం వంతు వచ్చేసరికి అంతకు మించిన రంగు నా దగ్గర లేదు. ఉన్నవాటినే ఇంకా చిక్కగా వేశాను, కళ్లు పొడుచుకునేలా తయారైంది. అది గొప్పగా ఉందనుకుని సెలవులకు వచ్చినప్పుడు మీ ఇంట్లో సీడీ పెట్టాను. నీకప్పుడు ఐదేళ్లు. నా ఒళ్లో కూర్చుని చూస్తూ, 'పెదనాన్నా, వాళ్లు సముద్రంలోకి ఎప్పుడెళ్తారు?' అన్నావు. అప్పటికి వాళ్లు వెళ్లి రెండు నిమిషాలైంది.

తిరిగి వెళ్లి 60 బ్యాక్‌గ్రౌండ్లు మళ్లీ వేశాను. ముందు మార్చింది సముద్రాన్ని కాదు, ఊరిని. తెల్లవారుజామున మంచులో పెట్టి, రంగుల్లో బూడిద కలిపాను. ఆ తర్వాత సముద్రాన్ని కూడా కాస్త తగ్గించాల్సి వచ్చింది, అంత వెలిగిపోయింది.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక మన విశాఖ ఎలా ఉందో గుర్తుందా? కైలాసగిరి కాలిపోయినట్టు గోధుమరంగులోకి మారింది. ఎటు చూసినా ఒక్క పచ్చటి ఆకు లేదు. మూడో రోజు పక్కింటావిడ మేడ మీద ఆకుపచ్చ చీర ఆరేసింది. మామూలు నేత చీర. నేను గుమ్మంలో నిలబడి దాన్నే చూస్తూ ఉండిపోయాను. రంగుకు బలం పక్కన ఉన్నదాన్నిబట్టి వస్తుందని చేత్తో బొమ్మలు వేసే నాకు అప్పుడే ఒంటికి తెలిసింది.

2005లో వచ్చిన 'కార్ప్స్ బ్రైడ్' మళ్లీ చూడు. బతికున్నవాళ్ల ఊరు బూడిదరంగు, చచ్చిపోయినవాళ్ల లోకమే రంగులమయం. ఏది చల్లగా ఉందో, ఏది బతికి ఉందో ఎవరూ నోటితో చెప్పక్కర్లేదు.

జాలారిపేటను నీరసంగా వెయ్యమనడం లేదు, ఆ పేట మీద నీకున్న ప్రేమ నాకు తెలుసు. మబ్బు పట్టిన పొద్దున పెట్టి చూడు, గోడల గులాబీ దానంతటదే తగ్గుతుంది. పిల్ల జడకు ఎర్ర రిబ్బన్ ఒక్కటి వదిలెయ్. నిజమైన నీళ్లలో లోతుకు దిగేకొద్దీ ముందు మాయమయ్యేది ఎరుపే. నీ సముద్రంలో అది ఎర్రగానే ఉంటే, ఇది వేరే లోకమని చూసేవాళ్లకు తెలుస్తుంది.

దాచుకున్న డబ్బు కూడా మొదటి నెలలోనే తీసెయ్యకు. మీ నాన్న అడగడు, నేను అడుగుతాను. ఆదివారం ఫ్రేములు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని రా. పెద్దమ్మ వంజరం ముక్కలు తెప్పిస్తానంటోంది.

మీ పెదనాన్న